ట్రూమన్ స్మారక ఉపకార వేతనం: షరతులే స్మృతిచిహ్నం

ఒక వ్యక్తి జ్ఞాపకార్థం నెలకొల్పే ఉపకార వేతనంలో మూడు అంశాలుంటాయి: ఆ వ్యక్తి పేరు, ఏటా వేతనాలు చెల్లించడానికి ఆధారమైన మూలనిధి, ఆ సొమ్ము ఎవరికి ఎందుకు దక్కాలో నిర్ణయించే షరతులు. మూలనిధి అంటే అసలును ఖర్చు చేయకుండా పెట్టుబడిగా ఉంచి, దానిపై వచ్చే ఆదాయాన్ని మాత్రమే వాడుకునేందుకు కేటాయించిన సొమ్ము. పేరు శిలాఫలకం మీదా కనిపిస్తుంది, భవనం గుమ్మం మీదా కనిపిస్తుంది; నిధి ఎంత పెద్దదైనా దాత స్తోమతను మించి మరేమీ చెప్పదు. మరణించిన మనిషి జీవితంలో దేన్ని గౌరవించాడో, తన తర్వాతి తరం ఎలా ఉండాలని కోరుకున్నాడో తెలిపేవి షరతులే గనక, స్మారకం విలువను తూచవలసింది వాటితోనే. అమెరికా ప్రభుత్వం తన 33వ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ స్మృత్యర్థం చట్టం చేసి స్థాపించిన ఉపకార వేతనం ఈ మాటకు చక్కని నిదర్శనం. విద్యార్థి దశలోనే నాయకత్వం చూపి, సమాజ సేవలో నిలదొక్కుకున్న యువతీ యువకులను దేశం నలుమూలల నుంచి ఎంపిక చేసి, ప్రజాసేవనే వృత్తిగా స్వీకరించేలా చేయడం ఈ పథకం లక్ష్యం. అది 1977 నుంచి అమల్లో ఉంది.

ట్రూమన్ 1972 డిసెంబరు 26న కాన్సాస్ సిటీలో 88 ఏళ్ల వయసులో మరణించాడు. చివరి సంవత్సరాల్లో పాత సహచరులు కొందరు ఆయన పేరిట ఒక జాతీయ స్మారకం నిర్మించాలని ప్రతిపాదించినప్పుడు, ఇటుకా సున్నంతో కట్టే కట్టడం తనకు ఇష్టం లేదనీ, యువతను ప్రజాసేవకు సిద్ధం చేసే సజీవ స్మారకమైతే సంతోషిస్తాననీ ఆయన చెప్పినట్లు ఆ ఉపకార వేతన సంస్థ తన చరిత్రలో నమోదు చేసుకున్నది. ఆ తర్వాత ఆయనకు విగ్రహాలు వెలవక మానలేదు. 2022లో మిస్సోరీ రాష్ట్రం వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనానికి ఆయన విగ్రహాన్ని బహూకరించింది. అయినా కేంద్ర ప్రభుత్వం అధికారికంగా ఆయన స్మారకంగా గుర్తించింది మాత్రం ఈ ఉపకార వేతనాన్నే.

చదువుకు సంబంధించిన స్మారకాన్ని కోరుకున్న ఈ మనిషికి కళాశాల పట్టా లేదు. పట్టా లేకుండా అమెరికా అధ్యక్షుడైన వారిలో ఆయనే చివరివాడు. 1884 మే 8న మిస్సోరీలోని లమార్ అనే చిన్న పట్టణంలో పుట్టి, ఇండిపెండెన్స్ పట్టణంలో పాఠశాల చదువు ముగించేనాటికి, ధాన్యపు జూదపు వ్యాపారంలో తండ్రి నష్టపోవడంతో ఇంట్లో పై చదువుకు డబ్బు లేకపోయింది. ఖర్చులేని చదువు దొరికే వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరాలన్న ఆశ కంటిచూపు మందగించి ఉండడం వల్ల తీరలేదు. రైలు మార్గం పనుల్లో కూలీల హాజరు రాసే గుమాస్తాగా, ఆ తర్వాత బ్యాంకు ఉద్యోగిగా పని చేసి, 1906 నుంచి పదేళ్లకు పైగా గ్రాండ్‌వ్యూ దగ్గర కుటుంబ వ్యవసాయంలో గడిపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఫిరంగి దళానికి కెప్టెన్‌గా నాయకత్వం వహించడం ఆయన జీవితంలో పెద్ద మలుపు. ఇతరులు తన మాట నమ్మి తన వెంట వస్తారన్న సంగతి ఆ యువ రైతుకు తెలిసివచ్చింది అక్కడే. యుద్ధం నుంచి తిరిగివచ్చి మిత్రుడితో కలిసి పెట్టిన దుస్తుల దుకాణం 1922లో మూతపడితే, దివాలా ప్రకటించుకోకుండా ఏళ్ల తరబడి అప్పులు తీర్చాడు. కౌంటీ పాలనలో ఉంటూ, న్యాయశాస్త్రం చదవాలని రాత్రి కళాశాలలో చేరి రెండేళ్లు చదివినా, అదీ పూర్తి కాలేదు. కౌంటీ అంటే మన జిల్లాకు దగ్గరగా ఉండే స్థానిక పాలనా విభాగం. రోడ్లు వేయించడం, లెక్కలు చూడడం లాంటి పనుల మీదుగానే ట్రూమన్ రాజకీయాల్లోకి వచ్చాడు. 1935లో సెనేటరై, 1945లో ఉపాధ్యక్షుడై, 82 రోజులకే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణంతో ఏప్రిల్ 12న అధ్యక్ష పీఠం ఎక్కాడు.

పట్టా లేని అధ్యక్షుడి పాలనలోనే అమెరికా ఉన్నత విద్య తలుపులు అంతకు ముందెన్నడూ లేనంతగా తెరుచుకోవడం యాదృచ్ఛికమని తేలిగ్గా తీసేయలేము. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు చదువు ఖర్చు భరించే చట్టం మీద 1944లో సంతకం చేసింది రూజ్‌వెల్టే గాని, అది అమలైన కాలంలో ఎక్కువ భాగం ట్రూమన్‌ది. 1947 నాటికి కళాశాలల్లో చేరినవారిలో దాదాపు సగం మంది మాజీ సైనికులే. 1946లో ఆయన జార్జ్ జూక్ అధ్యక్షతన నియమించిన ఉన్నత విద్యా సంఘం మరుసటి ఏడాది ఆరు సంపుటాల నివేదిక ఇచ్చింది. ప్రతి ప్రాంతంలో తక్కువ ఖర్చుతో చదివించే రెండేళ్ల స్థానిక కళాశాలలు ఏర్పాటు చేయాలనీ, జాతి, మతం, ఆదాయం చదువుకు అడ్డు కాకూడదనీ, 1960 నాటికి విద్యార్థుల సంఖ్య 46 లక్షలకు చేరాలనీ, ప్రభుత్వమే ఉపకార వేతనాలు ఇవ్వాలనీ ఆ నివేదిక వాదించింది. సిఫారసులన్నీ వెంటనే చట్టాలు కాలేదు. కాని తాను పొందలేకపోయిన చదువు ఇతరులకు అందాలన్న ఆయన పట్టుదల అందులో స్పష్టంగా కనిపిస్తుంది. దేశాల మధ్య విద్యార్థులు, అధ్యాపకుల రాకపోకలకు తోడ్పడే ఫుల్‌బ్రైట్ కార్యక్రమం కూడా 1946 ఆగస్టు 1న ఆయన సంతకంతో పుట్టినదే. అధ్యక్ష పదవి నుంచి దిగిపోయాక ఇండిపెండెన్స్‌లో తన గ్రంథాలయానికి వచ్చే బడిపిల్లలతో కూర్చుని ప్రభుత్వం ఎలా పనిచేస్తుందో వివరించడం ఆయనకు ఇష్టమైన కాలక్షేపమైంది.

ఆయన మరణానంతరం మిస్సోరీ సెనేటరు స్టూవర్ట్ సైమింగ్టన్ చొరవతో కాంగ్రెస్ ఆమోదించిన ట్రూమన్ స్మారక ఉపకార వేతన చట్టం మీద 1975 జనవరి 4న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేశాడు. సైమింగ్టన్ ట్రూమన్ ప్రభుత్వంలో వైమానిక దళ శాఖకు తొలి కార్యదర్శి. ఫోర్డ్ మాత్రం ట్రూమన్‌కు ప్రత్యర్థి అయిన పార్టీ నాయకుడు. చట్టం 3 కోట్ల డాలర్ల మూలనిధికి అనుమతి ఇచ్చింది. ఆ నిధిని ఖజానా బాండ్లలో, అంటే ప్రభుత్వమే వడ్డీ హామీ ఇచ్చే రుణపత్రాల్లో, పెట్టుబడిగా ఉంచి వడ్డీతో వేతనాలు ఇవ్వాలని నిర్దేశించింది. నిర్వహణ ఒక స్వతంత్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటుంది. దాని ట్రస్టీల మండలిలో రెండు సభల నుంచి రెండు పార్టీల సభ్యులూ, విద్యాశాఖ కార్యదర్శీ, సెనేట్ ఆమోదంతో అధ్యక్షుడు నియమించే ఇతరులూ ఉంటారు. ఆ ఇతరుల్లో ఒక గవర్నరు, ఒక నగర లేదా కౌంటీ పాలనాధిపతి, న్యాయమూర్తులు ఉండాలన్న నియమం గమనించదగ్గది. కౌంటీ కచేరీ నుంచి శ్వేతసౌధం దాకా మెట్టు మెట్టుగా ఎక్కిన మనిషి స్మారకానికి కాపలాదారులుగా అన్ని మెట్ల వారినీ నియమించడమన్నమాట. ప్రభుత్వ లెక్కల తనిఖీకి అధిపతిగా పదిహేనేళ్లు పనిచేసిన ఎల్మర్ స్టాట్స్ ఒక దశలో మండలికి సారథ్యం వహించగా, అమెరికా తొలి మహిళా విదేశాంగ మంత్రి మడెలీన్ ఆల్‌బ్రైట్ 2022లో మరణించేవరకు సంస్థకు అధ్యక్షురాలిగా ఉన్నది. చెకొస్లొవేకియా నుంచి శరణార్థి బాలికగా వచ్చిన ఆమె ఆ బాధ్యతను ఎంతో మక్కువతో నిర్వహించింది.

తొలి వేతనాలు 1977లో ఇచ్చారు. మొదట్లో డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నవారిని ఎంపిక చేసేవారు. తర్వాత దాన్ని మూడో సంవత్సరానికి మార్చారు. అమెరికాలో డిగ్రీ నాలుగేళ్లు. పంతొమ్మిదేళ్ల వయసులో సేవాభిలాష మాత్రమే కనిపిస్తుందనీ, అది కార్యరూపం దాల్చిందా లేదా తేలడానికి మరో ఏడాది కావాలనీ ఈ మార్పు సూచిస్తుంది. ప్రస్తుతం ఏటా యాభై అయిదు నుంచి అరవై అయిదు మంది దాకా ఎంపికవుతారు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 30,000 డాలర్లు దక్కుతాయి. ఆ సొమ్మును డిగ్రీ తర్వాతి చదువుకు, అంటే న్యాయశాస్త్రం, ప్రజా విధానం, ప్రజారోగ్యం, విద్య, సామాజిక సేవ వంటి రంగాల్లో స్నాతకోత్తర కోర్సులకు, వాడుకోవాలి.

ఈ పథకంలో మిక్కిలి శ్రద్ధగా పరిశీలించవలసింది ఎంపిక పద్ధతి. మార్కులు లెక్కపెట్టడం సులువు, నాయకత్వాన్ని కొలవడం కష్టం. విద్యార్థి సంఘానికి అధ్యక్షుడైనంత మాత్రాన, పదిమంది ముందు ధారాళంగా మాట్లాడినంత మాత్రాన నాయకుడు కాలేడని అందరికీ తెలుసు. మరి తెలియని విద్యార్థిలో నిజమైన నాయకత్వాన్ని కాగితం మీద చూసి గుర్తించడం ఎలా? ట్రూమన్ దరఖాస్తు ఈ ప్రశ్నకు ఇచ్చుకున్న జవాబు ఎంతో ఆలోచనతో కూడినది. విద్యార్థి తాను వహించిన పదవుల జాబితా ఇవ్వవచ్చు గాని, అసలు బరువు దాని తర్వాతి ప్రశ్న మీద ఉంటుంది: తన నాయకత్వం వల్ల ఏదైనా ఒక్క విషయంలో మార్పు వచ్చిన ఒక నిర్దిష్ట సందర్భాన్ని వివరించాలి. అంతకు ముందు పరిస్థితి ఏమిటి, తాను చేసినదేమిటి, ఎవరిని కలుపుకొని వెళ్లాడు, తర్వాత ఏం మిగిలింది అన్నవి చెప్పాలి. మరో ప్రశ్న సేవ గురించి. తాను చేసిన సేవల్లో ఎంతో తృప్తినిచ్చిన ఒకదాన్ని ఎంచుకుని, అది ఎవరికి ఎలా ఉపయోగపడిందో రాయాలి. సిఫారసు లేఖలు మూడు కావాలి. అవి మూడూ ఒకే తీరున పొగిడే లేఖలు కాకూడదు. విద్యార్థి రాసిన నాయకత్వ ఉదంతం నిజమని ఒక లేఖ, సేవా నిబద్ధత నిజమని మరొకటి, పై చదువుకు తగిన మేధాశక్తి ఉందని మూడోది ధ్రువీకరించాలి. అంటే ప్రతి లేఖకూ సాక్ష్యం చెప్పవలసిన పని ఒకటి ఉంటుంది. సిఫారసు లేఖలంటే వట్టి లాంఛనమన్న అభిప్రాయం బలంగా నాటుకున్న మన విద్యారంగానికి ఈ చిన్న ఏర్పాటు ఎంతో నేర్పగలదు.

దరఖాస్తులో మిగతావాటికి భిన్నంగా నిలిచేది విధాన ప్రతిపాదన. విద్యార్థి ఒక ప్రజా సమస్యను ఎంచుకుని, దాన్ని పరిష్కరించే అధికారం ఉన్న ఒక నిర్దిష్ట పదవిలోని అధికారికి ఉద్దేశించి దాదాపు 500 మాటల్లో విన్నపం రాయాలి. సమస్య ఎంత తీవ్రమైనదో ఆధారాలతో చూపాలి, పరిష్కారం సూచించాలి, దానికి ఎదురయ్యే అడ్డంకులు కూడా తానే చెప్పాలి. ఆకలి, నిరక్షరాస్యత వంటి పెద్ద మాటలు చెప్పి ఊరుకోవడం ఇక్కడ కుదరదు. ఏ శాఖ, ఏ అధికారి, ఏ నిబంధన, ఎంత ఖర్చు అన్న ప్రశ్నలకు దిగిరావాలి. అన్నదాన శిబిరంలో వడ్డించిన విద్యార్థి ఆకలికి కారణమైన రేషన్ నిబంధనను మార్చే అధికారికి లేఖ రాయగలిగినప్పుడు, సేవ పరిపాలనతో ముడిపడుతుంది. కౌంటీ రోడ్ల గుత్తేదార్ల లెక్కలు సరిచూసి, సెనేటరుగా యుద్ధ కాంట్రాక్టుల దుబారాను విచారించి పేరు తెచ్చుకున్న ట్రూమన్ స్వభావం ఈ షరతులో కనిపించినంతగా ఏ విగ్రహంలోనూ కనిపించదు.

దరఖాస్తు నేరుగా సంస్థకు పంపడానికి వీలు లేదు. పథకంలో పాల్గొనే ప్రతి కళాశాలలో ఒక అధ్యాపక ప్రతినిధి ఉంటాడు. ఆయన ద్వారా కళాశాల తన విద్యార్థుల్లో నలుగురి దాకా, వేరే కళాశాలల నుంచి వచ్చి చేరినవారైతే మరికొందరిని, ప్రతిపాదిస్తుంది. దేశమంతటి నుంచి వచ్చే వందలాది ప్రతిపాదనల్లో సుమారు రెండు వందల మందిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. ప్రాంతాలవారీగా జరిగే ఈ ఇంటర్వ్యూల్లో న్యాయమూర్తులు, విశ్వవిద్యాలయాల అధిపతులు, ప్రభుత్వాధికారులు, గతంలో ఇదే వేతనం పొందినవారు కూర్చుని, ఇరవై నిమిషాలపాటు విద్యార్థి ప్రతిపాదనను అన్ని వైపుల నుంచీ పరీక్షిస్తారు. తన వాదనలో లోపం చూపించినప్పుడు విద్యార్థి ఎలా స్పందిస్తాడో, ఆలోచనను సవరించుకుంటాడో మొండికేస్తాడో గమనించడం వారి ఉద్దేశాల్లో ఒకటి.

ఎంపిక రాష్ట్రాలవారీగా జరగడం మరో కీలకమైన షరతు. విద్యార్థి చదివే కళాశాల ఎక్కడున్నా, స్వరాష్ట్రంలో స్థిరనివాసమున్నవారితోనే పోటీ పడతాడు. సాధారణంగా ప్రతి రాష్ట్రం నుంచీ, రాజధాని వాషింగ్టన్ నుంచీ, ప్యూర్టోరికో నుంచీ ఒకరైనా ఉండేలా చూస్తారు, గువామ్ వంటి దీవులకూ చోటు ఉంటుంది. వ్యోమింగ్ గడ్డిభూముల నుంచి వచ్చిన విద్యార్థి న్యూయార్క్ విద్యార్థితో నేరుగా తలపడనక్కరలేదు. కాలిఫోర్నియా వంటి పెద్ద రాష్ట్రాల వారికి దీనివల్ల పోటీ మరీ తీవ్రమవుతుందన్న అభ్యంతరం సబబైనదే; దాన్ని కొంత సరిదిద్దడానికి రాష్ట్ర కోటా మించి కూడా కొందరిని తీసుకుంటారు. అయినా నాయకత్వం మహానగరాల్లోని పేరున్న విశ్వవిద్యాలయాల్లోనే పుడుతుందన్న అపోహను ఈ నియమం మొదటి మెట్టు దగ్గరే తోసిపుచ్చుతుంది.

ఎంపికైనవారు వేసవిలో మిస్సోరీలోని లిబర్టీ పట్టణంలో ఉన్న విలియం జ్యువెల్ కళాశాలలో ఒక వారం కలిసి గడుపుతారు. వేతన ప్రదానోత్సవం కొద్దిపాటి దూరంలోని ట్రూమన్ గ్రంథాలయంలో జరుగుతుంది. మరుసటి ఏడాది, డిగ్రీ పూర్తయ్యాక, కోరినవారికి వాషింగ్టన్‌లో వేసవి కాలపు శిక్షణ ఉంటుంది. ప్రభుత్వ శాఖల్లోనూ స్వచ్ఛంద సంస్థల్లోనూ చిన్న ఉద్యోగాల్లో చేరి పని నేర్చుకుంటారు. ఆ తర్వాత వచ్చేది అన్నిటికన్నా గట్టి షరతు: స్నాతకోత్తర చదువు ముగిసిన ఏడేళ్లలో మూడేళ్లు తప్పనిసరిగా ప్రజాసేవలో పనిచేయాలి, లేకపోతే తీసుకున్న సొమ్ము వడ్డీతో తిరిగి చెల్లించాలి. ప్రజాసేవ అంటే ప్రభుత్వోద్యోగం ఒక్కటే కాదు. సైన్యం, బడులు, లాభాపేక్ష లేని సంస్థలు, ప్రజా ప్రయోజనాల కోసం పోరాడే న్యాయ సంస్థలు, పరిశోధన కేంద్రాలు అన్నీ ఆ పరిధిలోకి వస్తాయి.

సొమ్ము విషయంలో మాత్రం ఈ పథకం కాలంతో పాటు నడవలేదని చెప్పక తప్పదు. గరిష్ఠ మొత్తం దశాబ్దాలుగా దాదాపు అక్కడే ఆగిపోగా, అమెరికాలో న్యాయ విద్య మూడేళ్ల ఖర్చు దానికి అనేక రెట్లు పెరిగిపోయింది. ఖజానా బాండ్లు ఎంత భద్రమైనవో వాటి ఆదాయం అంత పరిమితం. వడ్డీ రేట్లు పడిపోయిన ఏళ్లలో నిధి రాబడి కూడా కుంచించుకుపోతుంది. అప్పు చేసి చదివిన యువ న్యాయవాది పెద్ద కంపెనీ జీతాన్ని కాదనుకుని పేదల కేసులు వాదించే సంస్థలో మూడేళ్లు పనిచేయాలంటే, 30,000 డాలర్లు ధైర్యం ఇవ్వగలవేమో గాని భారం తీర్చలేవు. ప్రజాసేవను నిజంగా కోరుకునే ప్రభుత్వం ఈ అంకెను తిరిగి చూసుకోవలసిన అవసరం ఎప్పుడో వచ్చింది.

ఈ మార్గం గుండా వచ్చినవారి పేర్లు చూస్తే ఎంపిక ఎంత పదునైనదో తెలుస్తుంది. తొలి ఏడాది ఎంపికైన జానెట్ నపొలిటానో అరిజోనా గవర్నరై, దేశ అంతర్గత భద్రతా శాఖకు కార్యదర్శి అయింది. సెనేటరు క్రిస్ కూన్స్, ఐక్యరాజ్య సమితిలో అమెరికా రాయబారిగా పనిచేసిన సూసన్ రైస్, న్యూయార్క్ మాజీ మేయరు బిల్ డి బ్లాజియో, జార్జియాలో ఓటర్ల నమోదుకు పేరుపొందిన స్టేసీ ఏబ్రమ్స్, జైళ్ల వ్యవస్థలోని జాతి వివక్ష మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన మిషెల్ అలెగ్జాండర్, సుప్రీంకోర్టు న్యాయమూర్తి నీల్ గోర్సచ్ అందరూ ట్రూమన్ విద్యార్థులే. అయితే వీరిలో గోర్సచ్ వంటి సంప్రదాయవాదులు తక్కువనీ, సేవ అన్న మాటకు ఎంపిక మండళ్లు ఉదారవాద ఉద్యమాల అర్థమే ఇస్తున్నాయనీ ఇటీవలి సంవత్సరాల్లో కొందరు పరిశీలకులు గట్టిగానే విమర్శించారు. ఈ విమర్శను కొట్టిపారేయడం తగదు. చర్చి ద్వారా పేదలకు వైద్యం అందించే విద్యార్థి, సైన్యంలో చేరదలచిన విద్యార్థి, వాతావరణ ఉద్యమం నడిపే విద్యార్థి ముగ్గురూ ఒకే తూకంలో తూగాలి. రెండు పార్టీల వారినీ ట్రస్టీలుగా ఉంచిన చట్టం ఉద్దేశం కూడా అదే.

స్మారక పురుషుడి చరిత్రలోని చీకటి గురించి కూడా చెప్పాలి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడినది ట్రూమన్ పాలనలోనే. 1947లో ప్రభుత్వోద్యోగుల దేశభక్తిని విచారించే ఉత్తర్వు ఇచ్చి ఎందరో నిరపరాధుల జీవితాలను అనుమానాల పాలు చేసినదీ ఆయనే. 1948 జూలై 26న సైన్యంలో జాతి వివక్షను రద్దు చేస్తూ ఆయన ఇచ్చిన ఉత్తర్వు ఈ చీకటిని చెరిపివేయదు, ఈ చీకటి ఆ ఉత్తర్వు విలువను తగ్గించదు. ఉపకార వేతనం పొందే విద్యార్థిని ఎవరూ ట్రూమన్‌ను పూజించమని అడగరు. ఆయన ఏ అధికార పీఠంలో కూర్చుని ఆ నిర్ణయాలు చేశాడో అటువంటి పీఠాల బరువు తెలుసుకోమని మాత్రమే అడుగుతారు.

పేరుకు, షరతులకు మధ్య ఇటువంటి ఘర్షణ రోడ్స్ ఉపకార వేతనం చరిత్రలో మరీ తీవ్రంగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికా గనుల నుంచి సంపద గడించిన సామ్రాజ్యవాది, 1902లో మరణించిన సెసిల్ రోడ్స్ వీలునామా ప్రకారం ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకు ఇచ్చే ఈ వేతనం కూడా చదువుతో పాటు నాయకత్వాన్నీ, శీలాన్నీ పరిగణిస్తుంది. కాని ఆ వీలునామా దాన్ని పురుషులకే పరిమితం చేయడంతో, బ్రిటిష్ పార్లమెంటు చట్టం మార్చేవరకు స్త్రీలకు ప్రవేశం లేకపోయింది. రోడ్స్ విద్యార్థినులు మొదటిసారి ఆక్స్‌ఫర్డ్‌లో అడుగుపెట్టిన 1977లోనే ట్రూమన్ తొలి జట్టులో నపొలిటానో వంటి యువతులు ఉన్నారు. స్మారకం రాసుకునేనాడు ఎవరిని బయట ఉంచామన్నది కూడా ఆ స్మారకంలో శాశ్వత భాగమవుతుంది.

తెలుగువారికి ఈ పథకంతో ఉన్న సంబంధం పౌరసత్వం అన్న షరతు మీదుగా వస్తుంది. అమెరికా పౌరులకు, ఆ దేశ జాతీయులకు మాత్రమే ఈ వేతనం అందుతుంది; హైదరాబాదు నుంచో విశాఖ నుంచో విద్యార్థి వీసా మీద వెళ్లినవారు అర్హులు కారు. కాని అక్కడ పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలు అర్హులే, ఆ కుటుంబాలు అక్కడ పౌరులుగా స్థిరపడడానికి మూలం వెతికితే మళ్లీ ట్రూమన్ దగ్గరికే రావాలి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు పౌరసత్వ అర్హత లేదని తీర్పు ఇచ్చింది. రెండు దశాబ్దాలకు పైగా అదే చట్టమై నిలిచింది. 1946 జూలై 2న ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ మార్గం తెరిచింది. ఏడాదికి వందమంది వలసదారులకే అవకాశం ఇచ్చిన ఆ చట్టం సంఖ్యలో చిన్నదే గాని, తర్వాత 1965 వలస చట్టం ఆ కోటాలను ఎత్తివేసినప్పుడు పెద్ద ఎత్తున వెళ్లిన భారతీయులు పౌరులు కావడానికి అడ్డు లేకుండా చేసింది. 1950లో భారత ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ద్వారా ఫుల్‌బ్రైట్ కార్యక్రమం మన దేశానికి వచ్చింది. అప్పటి నుంచి తెలుగు ప్రాంతాల అధ్యాపకులు, పరిశోధకులు కూడా దానితో అమెరికా వెళ్లి వస్తున్నారు. 1951లో దేశం కరువు అంచున ఉన్నప్పుడు 20 లక్షల టన్నుల ధాన్యం కొనుగోలుకు 19 కోట్ల డాలర్ల రుణం ఇచ్చే చట్టం మీదా సంతకం చేసింది ఆయనే. ఆ రుణంపై భారత్ చెల్లించిన వడ్డీలో 50 లక్షల డాలర్ల దాకా మన విశ్వవిద్యాలయాలకు పుస్తకాలు, ప్రయోగ పరికరాలు కొనడానికి, అధ్యాపకుల రాకపోకలకు కేటాయించాలని ఆ చట్టమే చెప్పింది. గోధుమల అప్పు గ్రంథాలయాల అరల్లో పుస్తకాలుగా మారిన ఈ సంగతి మన విద్యా చరిత్రలో తగినంతగా ప్రస్తావనకు రాలేదు.

ఇక మన సొంత స్మారకాల సంగతి చూస్తే, ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో తల్లిదండ్రుల పేరిట, గురువుల పేరిట దాతలు నెలకొల్పిన స్మారక స్వర్ణ పతకాలు ఎన్నో ప్రదానం చేస్తారు. అవి చాలావరకు ఫలానా సబ్జెక్టులో అత్యధిక మార్కులు తెచ్చుకున్నవారికే దక్కుతాయి. బడి కట్టించిన రైతు పేరిట, వైద్యం ఉచితంగా చేసిన డాక్టరు పేరిట ఇచ్చే పతకానికి కూడా కొలమానం మార్కులే అయినప్పుడు, ఆ మనిషి ఎందుకు తలచుకోదగినవాడో గ్రహీతకు తెలిసే అవకాశం లేదు. మరోవైపు, గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన జాతీయ సేవా పథకం నేడు మన కళాశాలల్లో చాలావాటిలో ఉంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేసినవారికి ధ్రువపత్రం ఇస్తారు. కొన్ని ప్రవేశాల్లో కొంత వెయిటేజీ కూడా ఉంది. కాని 240 గంటలు రిజిస్టరులో నిండాయా అన్నదే ధ్రువపత్రం చూస్తుంది. ఆ గంటల్లో విద్యార్థి ఎవరిని కూడగట్టాడు, ఊళ్లో ఏం మారింది, తర్వాత దాన్ని ఎవరు కొనసాగిస్తున్నారు అన్నది చూడదు.

ఈ రెండు సంప్రదాయాలూ ఒకే ప్రాంగణంలో పక్కపక్కనే ఉన్నాయి. స్మారక నిధి ఏర్పాటు చేసేటప్పుడు దాత విశ్వవిద్యాలయంతో రాసుకునే ఒప్పంద పత్రంలో, ఫలానా పరీక్షలో ప్రథమ స్థానం అని ఉండే చోట, సేవా పథకంలో తన చొరవతో వచ్చిన ఒక మార్పును వివరించి, దాన్ని కళ్లారా చూసిన గ్రామస్థుడి సాక్ష్యం జతపరిచిన విద్యార్థికి అని రాసుకోవడానికి ఏ నిబంధనా అడ్డు లేదు. దానికి ప్రత్యేక చట్టం అక్కరలేదు, 3 కోట్ల డాలర్లూ అక్కరలేదు. దరఖాస్తులను ఓపికగా చదివి, ఊరికి వెళ్లి విచారించి వచ్చే ముగ్గురు అధ్యాపకులు ఉంటే ఈ విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టవచ్చు.